కింది అంతస్తులో నవలల బీరువా, తలుపు పక్కన తుఫాను సంచి: దసరాలోపు ఏం చేసుకోవాలి?

కరకట్ట_చదువరి

నవలలు చదివే ఇళ్లలో రెండు మూడు వందల పుస్తకాలు ఉండటం మామూలే. అందులో సగం మళ్లీ కొనుక్కోగలిగినవి. మిగతా సగం వారపత్రికల్లోంచి విప్పి కుట్టించిన సీరియళ్లు, ఎప్పుడో ముద్రణ ఆగిపోయినవి, లోపలి అట్ట మీద అమ్మమ్మ చేతిరాత ఉన్నవి. ఇవి పోతే డబ్బు పెట్టినా రావు.

కోస్తాలో పెద్ద తుఫాన్లు వచ్చిన తేదీలు చూడండి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 1996 నవంబర్ 6 కోనసీమ, 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్, 2023 డిసెంబర్ 5 మిచౌంగ్, 2025 అక్టోబర్ 28 మొంథా. అన్నీ దసరా దాటాకే. నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకి పుస్తకాలు ఎలాగూ కిందికి దించి దుమ్ము దులుపుతాం. ఇంటి తుఫాను సంచి కూడా ఆ రోజే విప్పి చూసుకుంటే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని నా ఆలోచన.

ఇంకో మాట కూడా అడగాలి. మన కుటుంబ నవలల్లో చాలావాటిలో కష్టం ఎక్కడ మొదలవుతుంది? ఇంటి సంగతులన్నీ ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరూ మంచాన పడ్డప్పుడో పోయినప్పుడో. అప్పు ఎంతో, పత్రాలు ఎక్కడున్నాయో, ఎవరు ఎంత ఇవ్వాలో మిగతావాళ్లకి తెలియదు. తుఫాను వచ్చినా ఇంటికి తగిలే దెబ్బ ఇలాంటిదే. కాబట్టి పుస్తకాలు కాపాడుకోవడం, ఇల్లు సిద్ధం చేసుకోవడం, నవలలు చదివి ఇంట్లో మాట్లాడుకోవడం మూడూ కలిపి చర్చిద్దాం. వివరాలు తెలిసినవాళ్లు కొలతలతో సహా రాయండి.

బుడమేరు_పక్క

కరకట్ట గారూ, దసరా లెక్క సముద్రం ఒడ్డు ఊళ్లకి సరిపోతుంది, నది ఒడ్డు ఊళ్లకి కాదు. విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్ వైపు ముంచింది 2024 సెప్టెంబర్ 1న. అప్పటికి వినాయక చవితి కూడా రాలేదు. గోదావరి ఇంకా ముందే వస్తుంది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. లంక గ్రామాలవాళ్లు, కరకట్ట లోపలివాళ్లు, వాగుల పక్క కాలనీలవాళ్లు ఆషాఢం మొదలయ్యేలోపే సంచి సర్దుకోవాలి.

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇవే 11.75, 13.75, 17.75 అడుగులు. ఈ అంకెలు ఫ్రిజ్ తలుపు మీద అంటించి పెట్టుకోండి. టీవీలో "రెండో హెచ్చరిక" అన్నప్పుడు మన వీధికి దాని అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. పాతకాపుల్ని అడిగితే 1986లో నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో చెబుతారు. ఆ గడపతో పోల్చి మన అరుగు ఎంత ఎత్తులో ఉందో కొలుచుకోవాలి. పుస్తకాల బీరువాలో ఏ అర వరకు ఖాళీ చేయాలో ఆ కొలతే చెబుతుంది.

దారం_కుట్టు

పుస్తకాల సంగతి నేను రాస్తాను.

మొదట విడదీయండి, మూడు కుప్పలుగా. దుకాణంలో దొరికేవి ఒకటి. దొరక్కపోయినా అంతర్జాలంలో స్కాన్ ఉన్నవి రెండోది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకంలో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చాలా దొరుకుతాయి, పేరు కొట్టి చూసుకోండి. ఎక్కడా దొరకనివి, చేతిరాత ఉన్నవి, సీరియల్ బైండింగులు మూడో కుప్ప. తుఫాను ముందు గట్టిగా కాపాడాల్సింది ఈ మూడో కుప్పనే. అది సాధారణంగా ఒక్క పెట్టెలో పట్టేస్తుంది. అన్నీ కాపాడాలని బయల్దేరితే ఆఖరి గంటలో ఏదీ పూర్తి కాదు.

బరువు లెక్క చూసుకోండి. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి 60 గ్రాములు తూగే) కాగితం మీద డెమ్మీ సైజులో 250 పేజీల నవల అట్టతో కలిపి పావు కిలో తూగుతుంది. యాభై నవలలంటే పన్నెండున్నర కిలోలు. ఒక మనిషి మెట్లెక్కించాలంటే పెట్టె అంతకు మించకూడదు. పెద్ద ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు కూరితే నీళ్లు వచ్చే సమయానికి దాన్ని కదిలించేవాళ్లు ఉండరు. రెండు చిన్న పెట్టెలే నయం.

ప్యాకింగులో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. చెమ్మగా ఉన్న పుస్తకాలని పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించేస్తారు. లోపలి తేమ బయటికి పోలేక వారంలో బూజు పట్టిస్తుంది. ఎండ బాగా ఉన్న రోజున నీడపట్టున, గాలి తగిలేచోట, పుస్తకాలని నిలువుగా కొంచెం తెరిచి పూటంతా ఉంచాలి. తర్వాత ఒక్కోదాన్ని పాత నూలుగుడ్డలోనో బ్రౌన్ పేపర్లోనో చుట్టి మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, దాన్ని యూరియా సంచిలాంటి గట్టి సంచిలోకి దింపి మూతి రెండుసార్లు మడిచి తాడు కట్టాలి. పెట్టెకి 200 గ్రాముల సిలికా జెల్ వేస్తే మంచిది. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పీల్చేసుకున్నాయని గుర్తు. మందపాటి పెనం మీద సన్నసెగన వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. వాన వెలిసిన రెండు మూడు రోజుల్లో సంచి విప్పేయాలి. మూడు నెలలు అలాగే వదిలేయకండి.

మామూలు రోజుల్లో బీరువా గోడకి ఒక అంగుళం ఎడంగా, కింది అర నేలకి కనీసం ఆరంగుళాల పైన ఉండాలి. వేపాకు పెడితే బాగా ఎండింది పెట్టండి. పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది. నాఫ్తలీన్ గోలీలు చంటిపిల్లలున్న గదిలో వద్దు, ఆ ఆవిరి వాళ్లకి మంచిది కాదు.

మూలా_నక్షత్రం

దారం గారూ, సీరియల్ బైండింగుల గురించి కూడా రాయండి. పిన్నులు తుప్పు పట్టి కాగితం తినేస్తున్నాయి. ఒక్కో పేజీ ముట్టుకుంటే పెళుసుగా విరుగుతోంది.

దారం_కుట్టు

పిన్నులన్నీ తీసేయాల్సిందే. లాగకండి. వెనకవైపు కాళ్లు మొద్దు కత్తితో నిలబెట్టి ముందువైపు నుంచి పైకి తీస్తే కాగితం చిరగదు. తుప్పు మచ్చ చుట్టూ ఉన్న కాగితం అప్పటికే బలహీనపడి ఉంటుంది కాబట్టి కొత్త కుట్టు దానికి పావు అంగుళం లోపలగా పడాలి. అచ్చుకీ కుట్టుకీ మధ్య అర అంగుళం అంచు మిగలకపోతే పుస్తకం సగమే తెరుచుకుంటుంది. అలాంటప్పుడు పేజీకి ఎడమపక్క సన్నటి కాగితపు పట్టీ అంటించి, కుట్టు ఆ పట్టీ మీద వేయాలి.

జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక కప్పు మైదాని ముందు ఒక కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోసి, సన్నసెగన కలుపుతూ ఉడికిస్తే పది నిమిషాల్లో గంజిలా నిగనిగలాడుతుంది. దింపాక చిటికెడు మైలుతుత్తం పొడి కలిపితే పురుగు రాదు. మైలుతుత్తం విషం. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకూడదు, పిల్లలకి అందకూడదు. ఫెవికాల్ రాస్తే గట్టిగానే పట్టుకుంటుంది కానీ రేపు మళ్లీ విప్పాల్సి వస్తే కాగితం ఊడి వస్తుంది. మైదా జిగురు తడిపితే విడిపోతుంది.

పెళుసుదనం న్యూస్‌ప్రింటు గుణం. చెక్క గుజ్జులోని లిగ్నిన్ అందులో ఉండిపోతుంది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ ఆమ్లం పుట్టి కాగితం పసుపెక్కి విరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పలేం. బీరువాకి తలుపులుండి వెలుతురు పడకపోతే ఇంకొన్నేళ్లు ఆగుతుంది, అంతే. అందుకే వాటిని ఈలోపే ఫోనుతో స్కాన్ చేసి పెట్టుకోండి. పేజీకి నేరుగా పైనుంచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్ వేస్తే పేజీ మధ్యలో తెల్లటి మరక పడి అక్షరాలు పోతాయి. పుస్తకం సగానికంటే ఎక్కువ తెరిచి నొక్కకండి, వెన్ను విరుగుతుంది.

మందుల_డబ్బా

పుస్తకాల పెట్టె తర్వాత సర్దుకోవచ్చు, ముందు మనుషుల సంచి సంగతి చూడండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకి నా లెక్క ఇది.

తాగడానికి, వంటకి మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు. మొత్తం 48 లీటర్లు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, మూత ఉన్న బిందె ఒకటి. వాడకం నీళ్లు వేరే. తినడానికి అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లం, వేరుశనగ ఉండలు, పసిపిల్లలుంటే వాళ్ల పాలపొడి. పొయ్యి వెలిగించకుండా తినగలిగినవే పెట్టాలి. కిలోల కొద్దీ బియ్యం సర్ది గ్యాసు లేక కూర్చునేవాళ్లున్నారు.

రోజూ వేసుకునే మందులు కనీసం పది రోజులకి సరిపడా, చీటీ ఫొటోతో సహా. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ మందులు ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఇన్సులిన్ గురించి కంగారు వద్దు. వాడుతున్న సీసా ఎండ తగలకుండా చల్లటిచోట ఉంటే ఫ్రిజ్ లేకపోయినా దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. రకాన్ని బట్టి ఎన్ని రోజులో దాని కాగితం మీద ఉంటుంది. కరెంటు పోతే కొత్త కుండలో ఇసుక పోసి తడిపి, మధ్యలో మూత ఉన్న డబ్బాలో సీసా పెట్టండి. ఐసుగడ్డకి ఆనించి పెట్టడం పొరపాటు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది కానీ నమ్మడానికి లేదు, పారేయాలి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లే మంచివి. అవి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా పైన గీసి సమం చేసి వేయాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. కన్నీళ్లంత ఉప్పన మించకూడదు.

చదివేవాళ్ల ఇంటికి ప్రత్యేకంగా ఒకటి చెబుతాను. పాత కళ్లజోడు పారేయకండి, సంచిలో పడేయండి. పెద్దవాళ్లకి జోడు పోతే నవల సంగతి తర్వాత, మందు పేరు కూడా చదవలేరు. వినికిడి యంత్రం వాడేవాళ్లుంటే దాని బ్యాటరీలు ఒక అట్ట అదనంగా ఉంచండి.

లంక_గ్రామం

బావి నీళ్ల సంగతి ఎవరూ రాయలేదు. వరద తగ్గాక బావి ముందు తోడించి తర్వాత బ్లీచింగ్ వేయాలి. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. బావి అడ్డుకొలతని దాంతోనే గుణించి, నీటి లోతుతో గుణించి, మళ్లీ 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి (కొలతలు మీటర్లలో). రెండు మీటర్ల అడ్డం, మూడు మీటర్ల నీరు ఉంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే దాదాపు 24 గ్రాములు. పొడి నేరుగా బావిలో చల్లకండి. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేట మాత్రమే ఇంకో బకెట్లోకి వంచి బావిలోకి దించాలి. అడుగు సున్నం బావిలో పడితే నీళ్లు గరుకెక్కుతాయి. గంట ఆగి తోడుకోవాలి. బురద నీటిలో క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది, అందుకే ముందు తోడించమనేది. పాతబడి గాలి తగిలిన పౌడరులో సారం ఉండదు, దుకాణంలో తయారీ తేదీ చూసి కొనండి.

ఉక్కు_నగరం

గాలి ఎక్కువగా ఉండే తుఫానుకి కొన్ని.

మేడ మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు నిండుగా ఉంచండి. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు, అది కదలదు. ఖాళీ ట్యాంకు గాలికి లేచి పక్కింటి మీద పడుతుంది. కొబ్బరి చెట్లకి ఎండు మట్టలు, కాయలు ముందే దింపించండి. కిటికీ అద్దాలకి టేపు అంటిస్తే అద్దం పగలకుండా ఆగదు. ప్లైవుడ్ పలక బిగించాలి, లేదా మందపాటి దుప్పటి లోపలి నుంచి కట్టి కిటికీకి దూరంగా కూర్చోవాలి. పుస్తకాల బీరువా కిటికీకి ఎదురుగా ఉంటే పక్కకి జరిపేయండి. గాజు తలుపులున్న బీరువా అయితే ముఖం గోడవైపు తిప్పండి.

తుఫాను కన్ను ఊరి మీదుగా వెళ్లేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం కూడా తేటపడొచ్చు. అయిపోయిందని బయటికి వెళ్లకూడదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా వస్తుంది. మొదటి గాలికి సగం ఒరిగిన చెట్లు, రేకులు అప్పుడు పడతాయి.

కరెంటు లెక్క: ఇన్వర్టర్‌కి ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను, బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగింది 1,100 నుంచి 1,200. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, రెండు 9 వాట్ల బల్బులు కలిపితే 93 వాట్లు, అంటే పన్నెండు గంటలు. ఫ్యాను ఆపేసి ఒక్క బల్బే ఉంచితే, ఇన్వర్టర్ తనకోసం తినే 15 వాట్లు కలిపినా, రెండు రోజులు వస్తుంది. పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు పది వేలూ ఇవ్వదు. ఆరు వేల పైచిలుకు ఇస్తుంది, ఇప్పటి ఫోను ఒకసారి నిండుతుంది.

నీళ్లు గడప దాటేలోపే మెయిన్ ఆపేయాలి, గ్యాసు రెగ్యులేటర్ తీసి మూత పెట్టి సిలిండరుని గొలుసుతో కట్టాలి. ఖాళీ సిలిండరు నీటిలో తేలిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ బల్ల మీదకి ఎక్కించడం ఇద్దరి పని, చీకటి పడకముందే చేయండి.

మూలా_నక్షత్రం

ఒక బల్బు, రెండు రోజులు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఒక్క బల్బు కింద ఒకరు పైకి చదవడం, మిగతావాళ్లు వినడం ఉత్తమమైన పద్ధతి. నలుగురూ నాలుగు ఫోన్లు చూస్తే నాలుగు బ్యాటరీలు పోతాయి.

పైకి చదవడానికి నవలని వేరేగా ఎంచుకోవాలి. వారపత్రిక సీరియల్‌గా వచ్చినవి బాగా కుదురుతాయి, ప్రతి భాగం ఒకే విడతలో చదవడానికే రాసింది కదా. పేజీకి రెండు నిమిషాలు పడుతుంది. పన్నెండు పేజీల భాగం అంటే దాదాపు అరగంట. అంతకు మించి ఒకే గొంతు చదివితే గొంతు బొంగురుపోతుంది, వినేవాళ్లు జోగుతారు. భాగానికొకరు మారాలి. సంభాషణలు ఎక్కువున్నవి, యాస ఉన్నవి ఆ యాస తెలిసినవాళ్లకే ఇవ్వండి. శ్రీకాకుళం మాటని గుంటూరు గొంతులో చదివితే సగం ఆనందం పోతుంది. పొడుగాటి వర్ణనలు, పెద్ద వాక్యాలు ఉన్నవి కళ్లతో చదువుకోవడానికి బాగుంటాయి కానీ గాలిహోరులో చెవికి అందవు. ముగ్గురు నలుగురు ముఖ్య పాత్రలు మించితే పిల్లలు తప్పిపోతారు. మొదటి పేజీలో పాత్రల పేర్లు, వరసలు పెన్సిల్‌తో రాసుకుంటే మర్నాడు అందుకోవడం తేలిక.

కొవ్వొత్తులు వద్దు. పుస్తకాలు, దుప్పట్లు, పిల్లలు అందరూ ఒకేచోట ఉండే గది అది.

కరకట్ట_చదువరి

ఇంటి సంగతులన్నీ అందరికీ తెలిసేలా రాసిపెట్టుకునే ఇంటి కాగితం గురించి నేను రాస్తాను. ఒక్క ఏ4 కాగితం, రెండు వైపులా. కరెంటు సర్వీసు నంబరు, గ్యాసు కన్స్యూమర్ నంబరు, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, బీమా పాలసీల నంబర్లు, ఏ బ్యాంకులో ఏ ఖాతా, లాకరు తాళం ఎక్కడ, బంగారం కుదువ రసీదులు, చీటీ ఎవరి దగ్గర వేస్తున్నాం ఎన్ని నెలలైంది, అందరి రక్తం గ్రూపు, మందులు. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు దాని మీద రాయకూడదు.

అన్నిటికంటే ముఖ్యం చేబదుళ్లు. ఇచ్చినవీ, తెచ్చినవీ. తేదీ, మొత్తం, ఎవరి ఎదుట. ప్రామిసరీ నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఆలోపే కొంత చెల్లు వేయించి సంతకం పెట్టించకపోతే కోర్టుకి పోయినా వసూలు కాదు. ఆ తేదీ ఇంట్లో ఒక్కరికే తెలిస్తే ఏమవుతుందో మన నవలల్లో కావలసినంత ఉంది. గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు కుటుంబ ప్రతిష్ఠ పేరుతో ఆస్తి కరగబెడుతుంటే ఇంట్లో కూర్చుని లెక్క చూసే పద్ధతే లేదు. నవల చదివాక ఆ ఒక్క ప్రశ్న ఇంట్లో వేసుకోవచ్చు. మన లెక్క ఎంతమందికి తెలుసు?

అటక_కింద

కరకట్ట గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఇక్కడ ఒప్పుకోలేను. ఆ నవల ఒక మనిషి మనసు లోపల జరిగే కుమ్ములాట. దాన్ని "లెక్కలు రాసుకోండి" అనే పాఠానికి కుదిస్తే నవలకి అన్యాయం చేసినట్టే. పైగా పిల్లలు ఊరుకోరు. భాగం ముగియగానే "దీన్నిబట్టి మనం ఏం నేర్చుకోవాలి" అని అడిగిన ఇంట్లో రెండో నవల ఎవరూ ముట్టుకోరు. కథ వినేటప్పుడు కథే వినాలి. సంచి సర్దేటప్పుడు సంచే సర్దాలి.

మూలా_నక్షత్రం

అటక గారి మాట నిజం. కానీ ప్రశ్నని ఎప్పుడు వేస్తామన్నదాంట్లో తేడా ఉంది. చదువుతుండగా వేయకండి. వారం పోయాక, ఇంటి కాగితం నింపుతున్నప్పుడు, పాత్ర పేరుతో వేయండి. "కాలాతీత వ్యక్తులు"లో ఇందిర సంపాదన మీద తండ్రి ఆధారపడి ఉంటాడు. "ఇందిరకి నెల రోజులు జబ్బు చేస్తే ఆ ఇంట్లో బియ్యం ఎవరు తెస్తారు?" అంటే పదో తరగతి పిల్లవాడు కూడా జవాబు చెబుతాడు. "నాకు జబ్బు చేస్తే?" అని నేరుగా అడిగితే అమ్మ "అపశకునం మాటలెందుకు" అని లేచి వెళ్లిపోతుంది. చావు, జబ్బు, అప్పు గురించి నోరు విప్పని మన ఇళ్లలో పాత్రల పేర్లు అడ్డం పెట్టుకుని మాట్లాడటం సులువు. నవలకి అందులో అన్యాయమేమీ లేదు, ఆ మనుషులు మనకి నిజంగా తెలిసినవాళ్లైతేనే వాళ్ల గురించి అలా మాట్లాడగలం.

అటక_కింద

వారం ఆగి అడిగే పద్ధతి బాగుంది. దానికి నేను ఒప్పుకుంటాను.

దూరదేశం

పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో, పెద్దవాళ్లిద్దరే ఊళ్లో ఉన్న ఇళ్ల గురించి.

ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డిజిలాకర్‌లో తెచ్చుకుంటే అవి అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. ఫోనులో తీసుకున్న ఫొటోకి ఆ విలువ లేదు. ఇల్లు, పొలం దస్తావేజులు పోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది, దానికి దస్తావేజు నంబరు, సంవత్సరం కావాలి. ఆ రెండు అంకెలు దూరంగా ఉన్న పిల్లల దగ్గర కూడా ఉండాలి. బ్యాంకు డిపాజిట్లకి 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. పాత ఖాతాల్లో నామినీగా ఎప్పుడో పోయిన తాతగారి పేరే ఉండిపోయి ఉంటుంది, చూడండి.

ఇంటి బీమా ఉన్నవాళ్లకి: భారత్ గృహ రక్ష పాలసీలో ఇంటికి తీసుకుంటే సామానుకి భవనం బీమా మొత్తంలో 20 శాతం, పది లక్షలకి మించకుండా, వేరే చెప్పకుండానే వర్తిస్తుంది. వరద, తుఫాను అందులో ఉన్నాయి. కానీ పత్రాలు, చేతిరాత ప్రతులు, నగదు విడిగా ఒప్పందం ఉంటే తప్ప రావు. బీరువా ఒక్కో అర ఫొటో తీసి తేదీతో ఉంచుకుంటే క్లెయిముకి ఆధారం.

తుఫాను రాత్రి విదేశం నుంచి పది నిమిషాలకోసారి ఫోను చేయకండి, వాళ్ల బ్యాటరీ అయిపోతుంది. కాల్ కలవనప్పుడు కూడా ఎస్ఎంఎస్ వెళ్లే అవకాశం ఉంటుంది. "ఆరింటికి ఒక మెసేజ్, పదింటికి ఒకటి" అని ముందే అనుకోండి. తుఫాను తగలని ఊళ్లో, అంటే హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉన్న బంధువు ఒకరిని కేంద్రంగా పెట్టుకుని అందరూ వాళ్లకే కబురు చెప్పాలి. ఇంటి కాగితం మీద 112, 108, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077, కరెంటుకి 1912 పెద్ద అక్షరాలతో రాయండి.

బుడమేరు_పక్క

దారం గారూ, నీళ్లలో తడిసిపోయినవాటికి ఏం చేయాలి? అన్నీ ఎండలో పరిచేస్తున్నారు.

దారం_కుట్టు

ఎండలో పరిస్తే అట్ట విల్లులా వంగి, వెన్ను జిగురు చిట్లి, పేజీలు అలలు తేలతాయి. నీడ, గాలి, ఓపిక కావాలి. దాదాపు 48 గంటల్లో బూజు మొదలవుతుంది, కాబట్టి మొదటి రెండు రోజులే అసలు సమయం.

చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు. వరద నీటిలో మురుగు కలిసి ఉంటుంది. బురద పట్టిన పుస్తకాన్ని తెరవకుండా, గట్టిగా మూసి పట్టుకుని, మంచినీళ్ల తొట్టిలో మెల్లగా కడగండి. తెరిచి కడిగితే బురద పేజీల్లోకి పోతుంది. సిరాతో రాసిన చేతిరాత ఉంటే కడగొద్దు, కారిపోతుంది. తర్వాత రెండు అరచేతుల మధ్య నొక్కి నీరు పిండి, పాత దినపత్రికల మీద అడుగు అంచు పైకి ఉండేలా, అంటే తలకిందులుగా నిలబెట్టండి. ప్రతి ఇరవై ఆకులకీ ఒక తెల్ల కాగితమో, రంగు బొమ్మలు లేని పత్రికో పెట్టాలి. ఎక్కువ కూరితే వెన్ను పగులుతుంది. రెండు మూడు గంటలకోసారి మార్చాలి. మరీ తడిగా ఉండి పేజీలు అతుక్కుని ఉంటే బలవంతంగా విడదీయకండి, కొంచెం ఆరాక అవే విడతాయి. నునుపు కాగితం బొమ్మల పేజీల సంగతి వేరు, అవి తడిగా ఉన్నప్పుడే మధ్యలో బటర్ పేపర్ పెట్టాలి. ఆరితే ఇటుకలా అతుక్కుపోతాయి, ఇక విడవవు.

ఒకేసారి యాభై పుస్తకాలు చూడలేం అనుకుంటే మిగతావి బటర్ పేపర్లో చుట్టి వెన్ను కిందికి ఉండేలా డీప్ ఫ్రీజర్లో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత నాలుగేసి చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. తుఫాను తర్వాత కరెంటు ఉండదు కాబట్టి కరెంటున్న ఊళ్లో బంధువుల ఇంటికి పంపగలిగితేనే ఇది పనికొస్తుంది.

ముట్టుకుంటే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. 250 పేజీల నవల పూర్తిగా ఆరడానికి వారం దాకా పడుతుంది. కొంచెం చల్లదనం ఉండగానే మూసి, రెండు పలకల మధ్య పెట్టి ఇటుకల బరువు వేయాలి. బూజు పట్టినది ఆరుబయటకి తీసుకెళ్లి, బాగా ఆరాక మెత్తటి బ్రష్‌తో మనకి దూరంగా దులపండి. తడి బూజుని తుడిస్తే లోపలికి పాకుతుంది. డెట్టాలు, బ్లీచింగ్ కాగితానికి రాయకండి.

మూలా_నక్షత్రం

వాతావరణ శాఖ హెచ్చరికలకి పుస్తకాల పని కలిపి ఒక వరస అనుకున్నాం మా చదువరుల బృందంలో. 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక రాగానే మూడో కుప్ప ప్యాకింగు. 24 గంటల ముందు నారింజ రంగు వస్తే పెట్టెలు మేడ మీద గదికో అటకకో చేరిపోవాలి, ట్యాంకు నిండాలి, చదవబోయే నవల ఒకటి బయట ఉంచాలి. ఎరుపు వచ్చాక పుస్తకాలని ముట్టుకోం. పునరావాస కేంద్రానికి వెళ్లమంటే మందులు, కాగితం, నీళ్లు తీసుకుని వెళ్లిపోవడమే. అటక మీద పెట్టేవాళ్లు పైకప్పు పెంకులో రేకులో అయితే పెట్టె మీద బరకం కూడా కప్పి కట్టండి. వరదకి పైన భద్రం, గాలికి పైనే ప్రమాదం.

లంక_గ్రామం

బరకం కట్టేటప్పుడు నాలుగు మూలలే కాకుండా మధ్యలో కూడా ఒక తాడు అడ్డంగా వేయండి. లేకపోతే గాలి కిందికి దూరి బుడగలా లేపేస్తుంది. ప్లాస్టిక్ తాడు తడిస్తే ముడి జారుతుంది, కొబ్బరి తాడు వాడండి.